ఆషాఢం పోయినా ఆడి పోలేదు

మా పాప బర్త్ సర్టిఫికెట్ మీద ఉన్న ఇల్లు ఇప్పుడు లేదు. మొన్న ప్రీ-కేజీ అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఈ మాట చెప్తే అక్కడున్నావిడ నన్ను ఎగాదిగా చూసింది. ఆధార్‌లో తొండియార్‌పేట ఉంది, సర్టిఫికెట్‌లో మాధవరం ఉంది, ఏది కరెక్టు మేడమ్ అని అడిగింది. రెండూ కరెక్టేనండీ, మాధవరం ఇల్లు పడగొట్టేశారు అన్నాను. పాప అక్కడ ఎన్నాళ్ళుంది అంది. వారం కూడా లేదన్నాను. ఆ వారంలోనూ చివరి రెండు రోజులు వెనక గోడ పగలగొడుతూనే ఉన్నారు, మేం ముందుగదిలో ఉండగానే. అదంతా చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది గానీ నా వెనక పెద్ద క్యూ ఉంది. నేను మొదలెడితే ఆగనని మా ఆయనకు తెలుసు, మోచేత్తో పొడిచాడు. అక్కడ మింగేసింది ఇక్కడ చెప్తున్నాను.

చెన్నై మాధవరంలో మేం మేడమీద అద్దెకుండేవాళ్ళం. కింద ఓనరు, రిటైరైన తమిళ పెద్దాయన. మంచివాడు. అదే నాకొచ్చిన చిక్కు. ఈ కథలో ఒక్కరైనా చెడ్డవాళ్ళుంటే వాళ్ళని కడుపారా తిట్టుకుని ఊరుకునేదాన్ని. నాకు ఐదో నెల దాటుతుండగా ఒక సాయంత్రం ఆయన పైకొచ్చి, ఇల్లు పాతదైపోయిందమ్మా, బిల్డరుకి ఇచ్చేశాం, ఫ్లాట్లు కడతారు అన్నాడు. తమిళుల లెక్కలో ఆడి నెల అయిపోయాక ఆవణి వస్తుంది. ఆవణి పుట్టిన మర్నాడే భూమిపూజ. కాబట్టి ఆడి ఆఖరి రోజుకల్లా మేం ఖాళీ చేయాలి. మూడు నెలల పైనే టైమిచ్చాడు, పాపం. మా ఆయన "సరే సార్" అన్నాడు.

మా ఆయన హార్బరు దగ్గర కంటైనర్ల ఆఫీసులో పనిచేస్తాడు. పొద్దున లేచింది మొదలు అందరికీ సరే సార్, సరే సార్ అనడమే అక్కడి ఉద్యోగం. ఇంటికొచ్చినా ఆ అలవాటు పోదు. వాళ్ళమ్మకు సరే, ఓనరుకు సరే, పాలవాడికి సరే. నేనేమో ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఒక కంపెనీ జీతాల పని చూసుకుంటూ అందరితో పోట్లాడేదాన్ని. ఒంగోలు నుంచి వచ్చి అప్పటికి మూడేళ్ళయింది, తమిళం అర్థమయ్యేది గానీ అందులో పోట్లాడ్డం ఇంకా రాలేదు.

నాకు కావలసింది పెద్ద కోరికేం కాదు. ఆస్పత్రి నుంచి బిడ్డను తెచ్చుకునే రోజుకి మాకో ఇల్లుండాలి. మళ్ళీ ఎవరూ వచ్చి లేవమనకుండా ఉండాలి. ఉయ్యాల కట్టుకోవడానికి పైన ఒక కొక్కెముండాలి. అంతే.

ఇళ్ళ వేట మొదలైంది. మాధవరం బస్ టెర్మినస్ వెనక ఒక ఇల్లు చూశాం. ఓనరావిడకు నేను తెగ నచ్చాను. వంటగది చూపించింది, నీళ్ళు రోజంతా వస్తాయంది, బీరువా ఎక్కడ పెట్టుకోవాలో కూడా చెప్పింది. తర్వాత నా పొట్ట మీద చూపు పడింది. ఎన్నో నెల? ఆరోది. పురిటికి మీ అమ్మ ఇంటికి వెళ్తావుగా? మా అమ్మ లేదండీ, నా పెళ్ళికి ముందే పోయింది, పురుడు ఇక్కడే అన్నాను. ఆవిడ ముఖం నిజంగానే వాడిపోయింది. చేయి పట్టుకుని అయ్యో కన్నా అంది. చేయి వదలకుండానే, మా ఇంట్లో నిత్యపూజ ఉందమ్మా, పురుటి మైల కలిస్తే ఎలా, వేరే చూసుకోండి అంది. మా ఆయన సరే అన్నాడు. బయటికొచ్చాక నేను రోడ్డు మీదే ఏడ్చాను. ఇల్లు పోయినందుక్కాదు. ఆ తర్వాత చూసిన ప్రతి ఇంట్లోనూ ఇదే ప్రశ్న. తొలికానుపు పుట్టింట్లో జరగాలని అందరికీ తెలుసు, పుట్టిల్లు లేనిదాని సంగతే ఎవరికీ తెలీదు. అడిగిన ప్రతివాళ్ళకీ మా అమ్మ చచ్చిపోయిందని మళ్ళీ చెప్పాలి.

ఇంకో చోట బ్రోకరు ముందే మెట్ల దగ్గర ఆపి, వాళ్ళు శాకాహారులు, నోరు మూసుకుని ఉండండి, చేప మాట ఎత్తకండి అని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఓనరు అడగనే అడిగాడు, నాన్‌వెజ్ ఉందా అని. నేను నోరు తెరిచేలోపే మా ఆయన "ఆదివారాలే సార్" అన్నాడు. కిందికి దిగేదాకా నేను మాట్లాడలేదు. దిగాక మాట్లాడాను. ఆ వీధిలో వాళ్ళందరికీ తెలుగు రాకపోయినా విషయం అర్థమై ఉంటుంది.

తిరువొత్తియూరులో మూడో అంతస్తు ఒకటి చూశాం. లిఫ్టు లేదు. కడుపుతో ఉన్నవాళ్ళు మెట్లెక్కితే సుఖప్రసవం అవుతుందని ఆ ఇంటాయన నాకు భరోసా ఇచ్చాడు. రైలు వెళ్ళినప్పుడల్లా వంటింటి అలమర తలుపు దానంతటదే తెరుచుకుంటోంది. మా ఆయన మాత్రం మురిసిపోయాడు. బాత్రూంలో బకెట్టు బోర్లించి ఎక్కి, "ఇదిగో, సముద్రం కనిపిస్తోంది, వచ్చి చూడు!" అని కేకేశాడు. ఆరో నెల కడుపుతో నేను బకెట్టెక్కి సముద్రం చూడాలట! అప్పుడు మాత్రం ఇద్దరం నవ్వాం. ఆ మూడు నెలల్లో మేం నవ్వింది అదొక్కటే గుర్తుంది నాకు.

చివరికి జూన్ ఆఖర్లో తొండియార్‌పేట ఇల్లు దొరికింది. వాళ్ళు తెలుగువాళ్ళే. నాలుగు తరాలుగా అక్కడే పప్పుల హోల్‌సేల్ వ్యాపారం. పెద్దాయన, ఆయన భార్య కింద ఉంటారు, పై వాటా ఖాళీ. ఆవిడ నన్ను చూడగానే మెట్లు మెల్లిగా ఎక్కమ్మా అంది. నేను తగువుకి సిద్ధమై, మా అమ్మ లేదండీ, పురుడు ఇక్కడే, ఆదివారాలు చేపలు వండుతాను అని వాళ్ళు అడక్కముందే మూడూ ఏకరువు పెట్టాను.

"ఉంటే ఉండనీ మా, దానికేముంది," అంది ఆవిడ. "కానుపు అయితే ఏమి, ఇల్లనేది బిడ్డలు పుట్టేదానికే గదా. మేమూ తింటాం మీను. ఇదో, ఈడ చూడు."

హాల్లో పైకి చూపించింది. శ్లాబులోంచి తుప్పు పట్టిన ఇనప కొక్కెం వేలాడుతోంది. "మా ముగ్గురూ దీన్లోనే ఊగినారు. చిన్నోడైతే ఎగిరి కిందపడినాడు కూడా," అంది.

నాకు అప్పటికప్పుడు అక్కడే చాప పరుచుకుని పడుకోవాలనిపించింది. అడ్వాన్సు ఇచ్చేశాం. ఆదివారమే వచ్చేయండి అన్నారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, వాళ్ళు వచ్చేయమన్నారు.

ఆనందం పట్టలేక మా ఆయన వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు. మా అత్తగారు తెనాలి దగ్గర ఉంటుంది. అంతా విని, "ఒరే, ఎల్లుండి నుంచి ఆషాఢం రా. ఆషాఢంలో ఇల్లు మారతారంట్రా ఎవరైనా? అందులోనూ ఏడో నెల కడుపుతో! ఆ అమ్మాయికి ఫోనియ్యి," అంది. ఫోను నాకొచ్చింది. "అమ్మాయ్, నా మాట ఇను. నెల రోజులే. శ్రావణం రాగానే శుక్రవారం పూట పాలు పొంగించుకుందురు గానీ. నా మాట కాదని వెళ్ళారో, రేపు పిల్లకో పిల్లాడికో ఏమైనా అయితే ఎవరం ఏం చేయగలం?"

అన్నిటికీ పోట్లాడే నేను ఆ రోజు పోట్లాడలేదు. ఇక్కడ నిజం చెప్పాలి. నెపమంతా అత్తగారి మీదికి నెట్టేయడం తేలిక, చాలాసార్లు నెట్టాను కూడా. కానీ "ఏమైనా అయితే" అన్న మాట చెవిన పడ్డాక నా చేయి పొట్ట మీదికి పోయింది. నాకు ముహూర్తాల మీద నమ్మకం లేదు, భయం మాత్రం చాలా ఉంది. మా ఆయన నా వైపు చూశాడు. సరే అన్నది ఈసారి నేనే.

తొండియార్‌పేట పెద్దాయనకు ఫోన్ చేసి, వచ్చే మాసం బాగాలేదంటోంది సార్ మా అమ్మ, ఆ మాసం పోయాక వస్తాం అని మా ఆయన చెప్పాడు. "దానికేమి తంబీ, మంచిమాటే. కడుపుతో ఉండే పిల్ల. మాసం పోనీండి, ఇల్లు యాడికి పోతుంది," అన్నాడాయన. తేదీ మేమూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. మాసం అంటే అందరికీ తెలిసిందేగా! తమిళనాట ఆడి అంటే మన ఆషాఢమే, పేరు మాత్రం వేరు అని నేనొచ్చినప్పటి నుంచీ అందరూ చెప్తూనే ఉన్నారు. మా వంటింట్లో తెలుగు క్యాలెండరు వేలాడుతోంది. అందులో శ్రావణమాసం మొదటి రోజే శుక్రవారం పడింది. ఎంత మంచి రోజో అని నేను పెన్నుతో సున్నా చుట్టాను.

ఆ నెల రోజులూ సామాన్లు సర్దాను. ఎనిమిదో నెల నిండుతోంది, వంగలేను, మా ఆయన వంగి పెడుతుంటే నేను మంచం మీద కూర్చుని అజమాయిషీ చేశాను. గురువారం సాయంత్రం మా ఆయన పెద్దాయనకు ఫోన్ చేసి రేపు పొద్దున్నే వస్తాం సార్ అన్నాడు. ఆయన కొట్లో బేరం మధ్యలో ఉన్నాడు. "రాండి రాండి, కాఫీ తాగి పోవచ్చు," అన్నాడు. బండి కూడా ఒక్క ఫోనుకే కుదిరింది. చెన్నైలో ఇంత తొందరగా, ఇంత చవగ్గా మినీ లారీ దొరకడమా, అంతా మనకి కలిసొస్తోంది చూడు అని మా ఆయన పొంగిపోయాడు.

శుక్రవారం ఆటోలో మేం ముందు, వెనక లారీ. నా ఒళ్ళో దేవుడి పటం, కొత్త ఇత్తడి గిన్నె, పాల ప్యాకెట్లు. తొండియార్‌పేటలో ఆటో ఆగగానే పెద్దాయన నవ్వుతూ బయటికొచ్చాడు. వెనకున్న లారీ చూసి ఆ నవ్వు ఆగిపోయింది.

"ఏంది తంబీ ఇది, సామానా?"

"అవును సార్. ఆషాఢం నిన్నటితో పోయింది కదా. ఇవాళ శ్రావణ శుక్రవారం."

"అయ్యో, ఆడి యాడ పోయింది? ఆడి ఇంకా పంతొమ్మిది దినాలు ఉండాదే!"

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఆయన లోపలికెళ్ళి గోడకున్న రోజు చీటీల తమిళ క్యాలెండరు తెచ్చి చూపించాడు. మన నెల అమావాస్యతో అయిపోతుంది. వాళ్ళ నెల సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది. మన ఆషాఢం ముందే మొదలై ముందే పోతుంది, వాళ్ళ ఆడి సగంలో అందుకుని ఆ తర్వాత కూడా సాగుతుంది. వాళ్ళు రమ్మన్న ఆదివారమే మేం వచ్చి ఉంటే అప్పటికి ఆడి ఇంకా పుట్టను కూడా లేదు. మా మాసం పోయేదాకా ఆగి, సరిగ్గా వాళ్ళ మాసం నట్టనడుమ దిగాం.

"మీరు తెలుగువాళ్ళే కదండీ!" అని నేను అరిచేశాను. "ఇవాళ శ్రావణమండీ! మన శ్రావణం!"

"తెలుగోళ్ళమే మా. అయితే మా తాత కాలం నుంచీ ఈ ఊరి పంచాంగందా మాకు. నూరేండ్లకు మించి ఆడి నెల్లో ఈ ఇంట్లో ఒక శుభం చేసింది లేదు."

"మాకు పట్టింపు లేదండీ. ఏమైనా అయితే మాకే కదా అయ్యేది."

"అదేదా నేను చెప్పేది," అంది ఆయన భార్య. వచ్చి నా చేతిలో గిన్నె తీసుకుని కింద పెట్టింది. "నిండు కడుపు నీది. ఏమన్నా అయితే మా నోటితో మేం నీకేం చెప్పేది? నీ మంచికేగా మా."

మళ్ళీ అదే, నా మంచికి! మా అత్తగారు ఆపింది నా మంచికి, వీళ్ళు ఆపింది నా మంచికి. చెడు కోరేవాళ్ళయితే ఎదిరించి నిలబడతాను, ఇంత ప్రేమగా చేయి పట్టుకుని బయట నిలబెట్టేవాళ్ళని ఏం చేయను? ఆవిడ నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టింది. మజ్జిగ ఇచ్చింది. కాళ్ళు వాచాయని పీట వేసింది. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. పైన ఆ కొక్కెం ఉంది, కింద నేనున్నాను, మధ్యలో పంతొమ్మిది రోజులు.

లారీ డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి ఎక్కడ దించాలి అని అడిగాడు. సంగతి విని, "ఆడిలో ఎవరమ్మా ఇల్లు మారతారు? అందుకేగా బండ్లన్నీ ఖాళీగా పడున్నాయి," అన్నాడు. మా ఆయన ముఖం చూడలేకపోయాను.

సామానంతా మళ్ళీ మాధవరం. అప్పటికే కింది వాటా ఓనరు తన కూతురింటికి మారిపోయాడు. పాత కలప కొనేవాళ్ళు వచ్చి తలుపులూ కిటికీలూ ఊడదీసుకుపోయారు. కింద అంతా బోసి గోడలు, చదరపు కంతలు. మేం పైన. ఓనరుకు ఫోన్ చేస్తే, ఆడి ఆఖరు దాకా ఉండండమ్మా, నేను చెప్పిన గడువేగా అన్నాడు. ఆవణి మొదటి రోజున తొండియార్‌పేటలో చేరేలా లెక్క వేసుకున్నాం. ఒక్క రోజు కూడా ఖాళీ పోదు, మహా అయితే ఇబ్బందే గానీ ప్రమాదం లేదు అని మా ఆయన నాకు ధైర్యం చెప్పాడు. డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా నెలపైన ఉంది. సామాన్లు విప్పలేదు. రెండు కంచాలు, ఒక కుక్కరు మాత్రం తీసుకున్నాం.

పాపకు ఏ పంచాంగమూ పట్టలేదు. ఆవణికి ఇంకా తొమ్మిది రోజులుందనగా, పొద్దున నేను కాఫీ కలుపుకుంటుండగా ఉమ్మనీరు పోయింది. కింద కిటికీలు లేని ఆ ఇంటి మెట్లు మా ఆయన భుజం పట్టుకుని దిగాను. మధ్యాహ్నానికి ఆపరేషను చేసి పాపను తీశారు. నెల ముందొచ్చింది గానీ బాగానే ఏడ్చింది. నా గొంతే వచ్చిందన్నాడు మా ఆయన.

అందరికీ ఫోన్లు చేశాడు. తొండియార్‌పేట ఆవిడ ఎంత సంతోషించిందో ఫోనులోంచి నాకే వినపడింది. మహాలక్ష్మి, మహాలక్ష్మి అంటోంది. తర్వాత గొంతు తగ్గింది. మా ఆయన "సరేనండీ... సరేనండీ" అంటూ ఫోను పెట్టేసి నా మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏమంది?"

"పురుడు వచ్చింది కదా. పదకొండో రోజు పుణ్యాహవాచనం చేయించుకుని రమ్మంది. మైలతో కొత్తింట్లో పాలు పొంగించకూడదంట."

ఆడి ఆఖరుకు ఈ ఇల్లు ఖాళీ చేయాలి. పదకొండో రోజు దానికి రెండు రోజుల అవతల పడింది. కుట్లు లాగుతున్నా వేళ్ళ మీద మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఆ రెండు రోజులు మిగిలే ఉన్నాయి.

మూడో రోజు పొద్దున మా అత్తగారు రైలు దిగి సరాసరి ఆస్పత్రికి వచ్చింది. చేతిలో బాలింతకు పెట్టే కాయం డబ్బా, పాత చీరలు చింపి కుట్టిన పొత్తిగుడ్డలు. పాపను ఎత్తుకుని, దిష్టి తీసి, నుదుట ముద్దు పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటూ కొడుకుని అడిగింది, "ఒరే, పిల్లని ఏ ఇంటికి తీసుకెళ్తున్నాం?"

"నువ్వే చెప్పమ్మా," అన్నాడు మా ఆయన. దెప్పిపొడుపుగా కాదు. నిజంగానే అడిగాడు, చిన్నప్పుడు లెక్క రాకపోతే అడిగినట్టు. ఆవిడ పాపను నా పక్కలో పడుకోబెట్టి, మంచం కాళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చుండిపోయింది. ఆవిడ్ని అనడానికి నెల రోజులుగా దాచుకున్న మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఆ కూర్చోవడం చూశాక అవన్నీ పక్కన పెట్టేశాను.

అప్పుడే నర్సు వచ్చి బర్త్ సర్టిఫికెట్‌కి ఫారం ఇచ్చింది. మా ఆయన కిటికీ గట్టు మీద పెట్టుకుని, ఆఫీసులో రాసినంత నీటుగా నింపాడు. తల్లి పేరు, తండ్రి పేరు, చదువులు, ఎన్నో కాన్పు. నర్సు తీసుకుని చూసి, ఒకటి వదిలేశారు సార్, అదే ముఖ్యం అని తమిళంలో అంటూ వేలు పెట్టి చూపించింది. బిడ్డ పుట్టిన నాటికి తల్లిదండ్రుల చిరునామా.

ఆయన ఫారం తెచ్చి నా ముందు పెట్టి నిలబడ్డాడు. పెన్ను మూత తీసే ఉంది. పాప అప్పుడే పాలు తాగి నిద్రలోకి జారుతోంది, పిడికిలి నా నైటీ గుండీ పట్టుకుని ఉంది.

"మాధవరమే రాయి," అన్నాను. "ఇంకా ఆరు రోజులు అది మన ఇల్లే కదా."